ఉభయ కుశలోపరి

ఉత్తరాలు వ్రాసే అలవాటు ఇంటింటా ఉన్న రోజులలో తెలుగువారి జాబు ఏ విషయమై వ్రాసినదైనా, మొదటి పంక్తులలో "ఉభయ కుశలోపరి" అన్న మాట సాధారణంగా కనిపించేది. ఇరువైపుల క్షేమం చెప్పుకొన్న తరువాతనే తక్కిన సంగతులు అని దాని భావం. పెళ్ళికి పిలవడానికి వ్రాసినా, పొలం తగాదా గురించి వ్రాసినా, అప్పు అడగడానికి వ్రాసినా ఈ మర్యాద తప్పేది కాదు. హిందీ ప్రాంతాలలో పూర్వపు జాబులు "అత్ర కుశలం తత్రాస్తు" అన్న సంస్కృత వాక్యంతో మొదలయ్యేవి. ఇక్కడ క్షేమం, అక్కడ కూడ అట్లే ఉండుగాక అని దాని అర్థం. తమిళులు "నలం, నలమఱియ ఆవల్" అని వ్రాసేవారు. తాము క్షేమమనీ, ఎదుటివారి క్షేమం తెలుసుకోవాలని ఆతురతతో ఉన్నామనీ చెప్పడమది. ఉర్దూ జాబులలో తమ ఖైరియత్ తెలిపి, అవతలివారి ఖైరియత్‌ను దైవాన్ని కోరుకోవడం ఆనవాయితీ. భాషలు వేరు, లిపులు వేరు. కాని ఈ నాలుగు పలకరింపులకూ రెండేసి కొసలున్నాయి. ఒక కొస వ్రాసేవారిది, రెండవది చదివేవారిది.

నేడు జాబు స్థానంలోకి సెల్‌ఫోను వచ్చింది. శ్రీకాకుళం తీరంలోని తల్లి, గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవ మీద పనిచేసే కొడుకు ముఖాన్ని తెరపై చూస్తూ మాట్లాడగలుగుతున్నది. ఒకప్పుడు గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కార్మికులు తమ మాటలను క్యాసెట్టులో నింపి, సెలవుపై ఇంటికి వచ్చే స్నేహితుల చేత పంపేవారు. జవాబు అందడానికి వారాలు పట్టేది. ఆ నిరీక్షణ తప్పిపోవడం చిన్న మేలు కాదు. అయితే, వార్త చేరడం వేరు, మనిషి చేరువ కావడం వేరు. మొదటిది యంత్రం చేసిపెట్టగల పని. రెండవది మనుషులే చేసుకోవలసిన పని. ఈ భేదం ఎక్కడున్నదో గ్రహించాలంటే, ముందుగా మన దేశంలో దూరం ఏ విధంగా తగ్గుతూ వచ్చిందో చూడాలి.

దూరం తగ్గిన తీరు

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న కాలణా వెలతో ప్రవేశపెట్టబడింది. ఇన్‌లాండ్ లెటర్ 1950 అక్టోబరు 2న వచ్చింది. ఒకే పేరుగల ఊళ్ళు అనేకం ఉండటం, చిరునామాలు పలు భాషలలో వ్రాయబడటం వంటి చిక్కులను తొలగించేందుకు 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడ్ అమలులోకి వచ్చింది. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యత సుమారు 18 శాతం మాత్రమే. అందువల్ల అనేక గ్రామాలలో జాబును పోస్టుమాన్ గాని, చదువువచ్చిన పొరుగువాడు గాని చదివి వినిపించేవాడు. జవాబు వ్రాసిపెట్టేదీ అతడే. జాబులో రహస్యానికి తావు తక్కువ; కాని దూరదేశంలో ఉన్న కొడుకు క్షేమం వీధివారందరి విషయమయ్యేది.

టెలిఫోను ఆలస్యంగా విస్తరించింది. చందాదారుడు తానే నంబరు తిప్పి దూరపు ఊరితో మాట్లాడే ఎస్.టి.డి. సౌకర్యం 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలయింది. 1984లో స్థాపించబడిన సి-డాట్ సంస్థ, ఎయిర్ కండిషనింగ్ అవసరం లేకుండా, దుమ్మునూ వేడినీ తట్టుకొని పనిచేసే గ్రామీణ ఎక్స్ఛేంజీని రూపొందించింది. కర్ణాటకలోని కిట్టూరులో 1986లో అది పనిచేయసాగింది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో ఢిల్లీకి మాట్లాడిన మాటలే దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ. ఇరవై ఏళ్ళు తిరగకుండానే, 2015లో, దేశంలోని టెలిఫోను కనెక్షన్ల సంఖ్య 100 కోట్లు దాటింది. 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య ప్రయోగాత్మకంగా ఆరంభమైన తంతి, 2013 జూలైలో శాశ్వతంగా మూగవోయింది.

ఈ చరిత్రలో చిన్నదైనా గమనించదగిన ఘట్టం మరొకటి ఉన్నది. సెల్‌ఫోను వచ్చిన తొలి సంవత్సరాలలో, వచ్చే పిలుపుకు కూడ రుసుము చెల్లించవలసి ఉండేది. ఈ భారం 2003 మే నెలలో తొలగినా, పిలిచేవారికి ఖర్చు మిగిలింది. ఆ రోజులలోనే "మిస్‌డ్ కాల్" పద్ధతి దేశమంతటా వ్యాపించింది. పట్నంలో బస్సు దిగిన కుర్రవాడు ఇంటికి ఒక్కసారి మ్రోగించి ఆపివేస్తే, క్షేమంగా చేరాడని తల్లి అర్థం చేసుకొనేది. అందులో ఒక్క మాట లేదు, ఒక్క పైసా ఖర్చు లేదు. అయినా కబురు పూర్తిగా అందింది. కారణం, ఆ మ్రోతకోసం ఇంటివద్ద ఒక మనిషి కాచుకొని ఉండటమే. అర్థం పరికరంలో లేదు, ఎదురుచూపులో ఉన్నది.

ఒంటరితనానికి అర్థం

ఇన్ని సాధనాలు సమకూరిన తరువాత మనిషికి ఒంటరితనం తగ్గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలన ఇందుకు భిన్నంగా ఉన్నది. ఆ సంస్థ 2023 నవంబరులో సామాజిక సంబంధాల అధ్యయనానికి ఒక కమిషన్‌ను నియమించింది. 2025 జూన్ 30న వెలువడిన కమిషన్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8,71,000 మరణాలకు ఒంటరితనంతో సంబంధమున్నదని అంచనా వేయబడింది. ఈ బాధ వృద్ధులకే పరిమితమని సాధారణంగా భావిస్తారు. కాని పదమూడు నుంచి ఇరవైతొమ్మిది సంవత్సరాల వయస్సువారిలో, ముఖ్యంగా కౌమారంలో ఉన్నవారిలో, ఇది అధికమని నివేదిక తెలిపింది.

ఇక్కడ రెండు మాటల భేదం తెలుసుకోవాలి. చుట్టూ మనుషులు, రాకపోకలు లేకపోవడం ఏకాకితనం. దానిని లెక్కించవచ్చు. తాను కోరుకొనే సంబంధాలకూ, తనకున్న సంబంధాలకూ మధ్యగల అంతరం వల్ల కలిగే వేదన ఒంటరితనం. అది లెక్కకు అందదు. హాస్టలులో నూరుమంది నడుమ ఉన్న విద్యార్థిని కూడ అది పీడించగలదు.

పుట్టినరోజునాడు ఒక విద్యార్థికి ఫోనులో నలభై శుభాకాంక్షలు రావచ్చు. తేదీని గుర్తుచేసేది యంత్రమే, వాక్యాన్ని అందించేది యంత్రమే. పంపినవారు చేసినదల్లా వ్రేలితో ఒక్కసారి తాకడం. ఆ నలభైమందిలో "మీ నాన్నగారి జ్వరం తగ్గిందా?" అని అడిగినవారు ఒక్కరు కూడ లేకపోతే, ఆ రోజు ఆ విద్యార్థికి వచ్చినవి ప్రకటనలే గాని పలకరింపులు కావు. ప్రకటనకు ఒకటే కొస. పలకరింపు జవాబుకోసం ఆగుతుంది. ఆ జవాబును గుర్తు పెట్టుకొని మరుసటిసారి అక్కడినుంచే మాట మొదలుపెడుతుంది.

వదంతి, పరిచయం

ఒక కొస తెగిన సమాచారం వ్యక్తికి వేదన కలిగించడంతో ఆగదు. సమాజానికి ప్రాణహాని కూడ తేగలదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న అబద్ధపు సందేశాలు, వీడియోలు పలు రాష్ట్రాలలో ఫోన్ల ద్వారా వ్యాపించాయి. అనేక చోట్ల గుంపులు అపరిచితులపై దాడి చేశాయి. మహారాష్ట్రలోని ధులే జిల్లా రాయిన్‌పాడాలో 2018 జూలై 1న సంచార జాతికి చెందిన అయిదుగురు ఈ విధంగా హత్యకు గురి అయ్యారు. ఇట్టి దాడులలో బలి అయినవారిలో పొరుగూరివారు, పరభాషవారు, ఊరూరా తిరిగి బ్రతికేవారు ఎక్కువ. సందేశం పంపినవారికి వారెవరో తెలియదు. వారిని అడిగి తెలుసుకొన్నవారూ లేరు.

ఆ రోజులలోనే తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతంలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి వేరొక మార్గం అనుసరించారు. సుమారు 400 గ్రామాలకు ఊరికొక పోలీసు ఉద్యోగిని కేటాయించి, అతడు ఆ ఊరివారితో పరిచయం పెంచుకొనే ఏర్పాటు చేశారు. వదంతుల సందేశాలు వ్యాపిస్తున్న సంగతి ఈ పరిచయాల వల్లనే ముందుగా తెలిసింది. డప్పు వాయించి, జానపద బాణీలలో పాటలు పాడి, ఇంటింటికీ తిరిగి అవి అబద్ధాలని చెప్పారు. గ్రామస్థులు తమ ఫోను బృందాలలో పోలీసులను కూడ చేర్చుకొన్నారు. ఆ గ్రామాలలో ఇట్టి హత్య ఒక్కటి కూడ జరగలేదు. పరిచయస్థుడైన మనిషి గుమ్మంలో నిలబడి చెప్పిన మాట ముందు తెరమీది అబద్ధం నిలవలేదు. ఫోను కూడ ఆ పరిచయానికి తోడుగా నిలిచినప్పుడే మేలు చేసింది.

లింగంపల్లి నుంచి హటియాకు

మనుషులు ఊళ్ళు మారడం మన దేశంలో అరుదైన విషయం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమ పూర్వ నివాసం విడిచి మరొకచోట ఉంటున్నవారు 45 కోట్లకు పైగా ఉన్నారు. వీరి బ్రతుకులోని కష్టం 2020లో దేశానికి ఒక్కసారిగా కనిపించింది. ఆ సంవత్సరం మార్చిలో కోవిడ్ కారణంగా రాకపోకలు నిలిచిపోగా, పరరాష్ట్రాలలో పనిచేసే కార్మికులు ఎక్కడివారక్కడ చిక్కుబడిపోయారు. వారిని ఇళ్ళకు చేర్చేందుకు నడిపిన శ్రామిక్ ప్రత్యేక రైళ్ళలో మొదటిది 2020 మే 1వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదు సమీపంలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో సుమారు 1,200 మంది ఉన్నారు.

ఇట్టి కార్మికులలో అనేకుల చేతిలో ఫోను ఉన్నది. ఇంటివారి కంఠం ప్రతిరోజు వినిపించింది. కాని ఫోనులోనుంచి అన్నం ముద్ద రాదు. జ్వరం వచ్చినప్పుడు నుదుటిమీద చేయి పెట్టేవారు రారు. ఇందుకు పనిచేసే ఊరిలో ఎరిగినవారు కావాలి. రైళ్ళకు ముందు, ఆ తరువాత కూడ, రహదారుల వెంట కాలినడకన సాగిపోయినవారికి దేశంలో ఎందరో గ్రామస్థులు అన్నం, మంచినీరు, చెప్పులు అందించారు. వారికి వీరి భాష రాదు. అయినా ఆకలిని గుర్తించారు. ఆపద ముంచుకొని రాకముందే అట్టి పరిచయం ఉంటే ఎంత బాగుండేదని ఈ అనుభవం ఆలోచింపజేస్తుంది. తమ వీధిలో ఏళ్ళ తరబడి గోడలు కట్టిన మనిషి పేరేమిటో, ఊరేదో తెలియని కుటుంబాలు మన పట్టణాలలో ఎన్నో ఉన్నాయి.

యంత్రానికి అందనిది

భాష తెలియకపోవడమే అడ్డంకి అయితే, దానికి కూడ నేడు సాధనాలు వచ్చాయి. 2022లో ప్రారంభించబడిన భాషిణి వంటి వ్యవస్థలు ఒక భారతీయ భాషలోని మాటను మరొక భారతీయ భాషలోకి మార్చుతున్నాయి. ఆస్పత్రిలో, రైలు స్టేషనులో ఇవి ఎంతో ఉపయోగపడగలవు. అయితే మాట మారినంత మాత్రాన మనిషి అర్థమయ్యాడని అనలేము.

ఒక తెలుగు అమ్మాయి తన హిందీ స్నేహితురాలితో మా అక్కకు మేనబావతో పెళ్ళి జరిగిందని చెప్పిందనుకొందాం. ఆ మేనబావ మేనమామ కొడుకైతే హిందీలో అతనిని "మమేరా భాయి" అంటారు. "భాయి" అంటే సోదరుడు. మేనరికం ఆచారంలో లేని హిందీ కుటుంబాలలో ఈ వాక్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. అనువాదం తప్పు కాదు. అయినా అపార్థం మిగిలింది. అట్లే మేనమామను, మేనత్త భర్తను తెలుగువారు "మామయ్య" అనే పిలుస్తారు. హిందీలో మొదటివాడు "మామా", రెండవవాడు "ఫూఫా". ఒక ప్రాంతపు వరుసల వెనుక ఆ ప్రాంతపు వివాహ పద్ధతి, ఇంటి అమరిక దాగి ఉంటాయి. వాటిని తెలుసుకోవాలంటే "మీ ఇంట ఎట్లా పిలుస్తారు?" అని ఒకరు అడగాలి, మరొకరు ఓపికగా చెప్పాలి. ఆ అడగడంలో, చెప్పడంలో పుట్టేదే స్నేహం.

ఈ దృష్టితో చూసినప్పుడు, 2015 అక్టోబరు 31న ప్రకటించబడిన "ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్" కార్యక్రమంలోని ఒక అంశం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఈ కార్యక్రమం క్రింద ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌తోను, తెలంగాణకు హర్యానాతోను జత కూర్చబడింది. జత రాష్ట్రపు భాషలో నిత్యవ్యవహారానికి పనికివచ్చే వంద వాక్యాలు నేర్చుకోవడం విద్యార్థులకు సూచించిన పనులలో ఒకటి. వంద వాక్యాలతో ఒక భాష రాదు. కాని వాటిలో క్షేమమడిగే వాక్యం ఒకటి తప్పక ఉంటుంది. తలుపు తట్టడానికి అది చాలు. ఆ మీదట ఫోనే మంచి సాధనం కాగలదు. గుంటూరులోని ఒక విద్యార్థి లుధియానాలోని ఒక విద్యార్థికి, వందమందికి పంపిన సందేశంలో భాగంగా కాక, ఒక్కరికే వ్రాయవచ్చు. పొలంలో గోధుమ ఎప్పుడు కోస్తారని అడగవచ్చు. మిరపకాయలు ఎట్లా ఆరబెడతారో చెప్పవచ్చు. జవాబు ఆలస్యమైతే ఎదురుచూడవచ్చు. వచ్చినప్పుడు అందులోని తల్లి పేరును, తమ్ముని పరీక్షను గుర్తు పెట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి వెళ్ళి, వారి ఇంట ఒక పూట భోజనం చేయవచ్చు.

సాధనాలు మారుతూనే ఉంటాయి. తంతి పోయింది, క్యాసెట్టు పోయింది. నేటి ఫోను కూడ రేపు మరొక రూపు దాల్చవచ్చు. ఏ సాధనమైనా మాటను మోసుకొనిపోగలదు గాని, ఎదుటివారి క్షేమాన్ని మన బదులు తాను కోరలేదు. ఆ పనికి వెనుకటివారు జాబులో మొదటి చోటు ఇచ్చారు. ఆ తరువాతనే తమ సంగతి చెప్పుకొన్నారు.