మైగతారిలో గురువారం

అక్టోబరులో మైగతారి దారి పడితే రెండు రకాల చేలు కనిపిస్తాయి. సజ్జ కోసేసిన చేలల్లో మోకాలెత్తు మోళ్లు మిగిలాయి. జొన్న మాత్రం ఇంకా గింజ గట్టిపడుతూ నిలబడే ఉంది. మధ్యలో అలసంద తీగలు, గట్ల వెంట ఎర్రకాయలతో గోగు మొక్కలు. కోసిన చేనుకీ కోయని చేనుకీ మధ్య ఉన్న ఆ కొద్ది వారాలే ఈ ఊరికి అన్నిటికన్నా గడ్డు రోజులు.

నైజీరియా ఉత్తరపు అంచున, జిగావా రాష్ట్రంలో, నైజర్ దేశపు సరిహద్దును ఒరుసుకుని ఉంటుంది మైగతారి. వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. ఆ తర్వాత సహారా మీదుగా వీచే హర్మట్టాన్ గాలి ఊరంతటినీ దుమ్ముతో కప్పేస్తుంది. సేద్యం ఎక్కువగా హౌసా వాళ్లది, మందలు ఫులానీ వాళ్లవి. చుట్టుపక్కల మంగా వాళ్లూ ఉన్నారు. 1804లో ఫులానీ పండితుడు ఉస్మాన్ దాన్ ఫోదియో హౌసా రాజుల మీద జిహాద్ ప్రకటించి సొకోటో సామ్రాజ్యానికి పునాది వేశాడు. ఆ తర్వాత పెళ్లిళ్లతో, కొలువులతో ఈ రెండు జాతులూ ఎంతగా కలిశాయంటే, బయటివాళ్లు హౌసా-ఫులానీ అని ఒక్క పేరుతోనే పిలుస్తారు. మందల వెంట తిరిగే ఫులానీలు మాత్రం తమ ఫుల్ఫుల్దే భాషనూ, తమ మర్యాదలనూ వదులుకోలేదు.

మైగతారిలో సంత గురువారం. బుధవారం సాయంత్రానికే మందలు దిగడం మొదలవుతుంది. సరిహద్దుకు అవతలి నుంచి ఒంటెలు, గాడిదలు, గొర్రెలు కూడా వస్తాయి. వంపు తిరిగిన పొడవాటి కొమ్ముల తెల్ల ఫులానీ ఆవులు ఒకపక్క, ముదురు ఎరుపు బొరోరో పశువులు ఒకపక్క. సగం నలుపు, సగం తెలుపు ఒంటితో ఊదా గొర్రెలు ఇంకోపక్క. ఈ నేల మీది ఎర్రమేకల తోలు ఒకప్పుడు ఒంటెల మీద సహారా దాటి యూరప్ చేరి, మొరాకో తోలుగా పేరు తెచ్చుకుంది. పేరు దక్కింది మొరాకోకు, పెంచినవాళ్లు మాత్రం ఇక్కడివాళ్లు.

అమ్మేవాడూ కొనేవాడూ నేరుగా బేరమాడరు. మధ్యలో దిల్లాలీ అనే దళారీ ఉంటాడు. మన సంతల దళారీని చూసిన కళ్లతో ఇతన్ని చూడకూడదు. ఈ పశువు దొంగసొత్తు కాదని పూచీ పడేది ఇతనే. రేపు ఎవరైనా వచ్చి నా కోడె అంటే జవాబు చెప్పుకోవాల్సిందీ ఇతనే. అలాగే దూరం నుంచి వచ్చిన వర్తకుడికి ఇంట్లో చోటిచ్చి, అన్నం పెట్టి, అప్పుకు హామీ ఉండే మైగిదాలు హౌసా వ్యాపారంలో తరతరాలుగా ఉన్నారు. పడమటి రాష్ట్రాల్లో, ముఖ్యంగా జాంఫరా, కట్సినాల్లో పశువుల దోపిడీలు పెచ్చుమీరిన ఈ రోజుల్లో దిల్లాలీ పూచీ విలువ ఇంకా పెరిగింది. అమ్ముడైన పశువు మీద రంగు గుర్తు పడుతుంది. సాయంత్రానికి దాన్ని లారీ ఎక్కించి, దక్షిణాన వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న లాగోస్‌కు తోలతారు.

ధాన్యం వైపు నడిస్తే తెలుగువాళ్లకు ఏదీ కొత్తగా అనిపించదు. జొన్న, సజ్జ, అలసంద, గోగు, చింతపండు. మన మెట్ట పొలాలు ఇన్ని శతాబ్దాలుగా నమ్ముకున్న జొన్నా సజ్జా ఆఫ్రికా నేలమీద పుట్టి మన దాకా వచ్చిన పంటలే. గోగాకును ఇక్కడ యాకువా అని వండుకుంటారు. ఎండిన గోగు పుష్పకోశాలతో జోబో పానీయం కాస్తారు, బస్తాలకెత్తి ఎగుమతీ చేస్తారు. మునగ మాత్రం మన వైపు నుంచి ఇటు వచ్చింది. ఉడికించిన మునగాకులో వేరుశనగ చెక్క పొడి కలిపి అమ్మే చోట జనం వదలరు. మన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌కు కానోలోనూ కేంద్రం ఉంది. జొన్న, సజ్జల మీద అక్కడా పని.

సంత మొత్తంలో నన్ను కట్టిపడేసింది ఫులానీ ఆడవాళ్ల వరుస. నెత్తిన పెద్ద ఆనపబుర్ర, దాని మీద రంగురంగుల గడ్డితో అల్లిన మూత. మూత తీస్తే పులిసిన పాలు, పైన మీగడ. పక్కన తట్టలో సజ్జపిండి ముద్దలు. అల్లం, లవంగం, మిరియం కలిపి దంచి, ఉడికించి, మళ్లీ దంచి, పొడిపిండిలో దొర్లించిన ముద్దలవి. కొనేవాడు అడగ్గానే పాలమ్మే ఆమె ఒక ముద్దను గిన్నెలో చిదిమి, బుర్రగరిటెతో పాలు పోసి, గింజ గింజగా కరిగేదాకా కలుపుతుంది. దీన్నే ఫురా ద నోనో అంటారు. ఫురా అంటే ఆ సజ్జముద్ద, నోనో అంటే ఆ పులిసిన పాలు. పొద్దున్న ఒక గిన్నెడు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. గింజ హౌసా రైతుది, పాలు ఫులానీ మందవి. మంద మగవాడిదైనా, పాలమ్మిన డబ్బు ఆమెదే. ఉప్పు, సబ్బు, పిల్లల బట్టలు అందులోంచే. అందుకే మంద దూరమైతే ముందు చితికేది ఆమె సంసారం. ఇప్పుడు పెద్ద ఊళ్లలో దిగుమతి పాలపొడి కలిపిన నోనో అమ్ముతున్నారు. ఆ పాలపొడి ఆమె కడుపు కొట్టేదే.

రైతుకూ మందకూ బంధం గిన్నె దగ్గరే ఆగదు. కోతలయ్యాక పొలంలో మంద దించుతారు. పశువులకు చొప్ప, చేనుకు ఎరువు. తెలంగాణలో, రాయలసీమలో గొల్ల కురుమలతో పొలంలో మంద కట్టించుకుని గింజలిచ్చే ఏర్పాటు ఎరిగినవాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.

చిక్కు వస్తున్నది కాలం దగ్గరే. వానాకాలమంతా ఉత్తరాన నైజర్ పచ్చికల్లో మేసిన మందలు, అక్కడ గడ్డి ఎండగానే దక్షిణానికి మళ్లుతాయి. గడ్డి ముందే ఎండితే మందలు ముందే దిగుతాయి. అప్పటికి జొన్న చేలోనే ఉంటుంది. ఒక్క రాత్రి మంద పడితే ఒక కుటుంబం ఏడాది తిండి పోయినట్టే. పశువులు నడవడానికి బుర్తాలీ అనే దారులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఉత్తర నైజీరియాలో మేత భూములు కాపాడేందుకు 1965లో చట్టం కూడా తెచ్చారు. జనం పెరిగారు, సాగు పెరిగింది, చాలాచోట్ల దారులు దున్నేశారు. నైజీరియాలో రైతులకూ కాపరులకూ మధ్య జరిగే ప్రతి గొడవనూ మతానికో జాతికో అంటగట్టడం చూస్తూనే ఉన్నాం. మధ్య రాష్ట్రాల్లో ఆ చీలికలు నిజమే కావచ్చు. ఇక్కడ ఇద్దరూ ఒకే మసీదులో వరుస కట్టేవాళ్లు. తగవు దారి గురించి, నీటి గురించి, తేదీ గురించి. ఆ మూడూ కూర్చుని తేల్చుకోగలిగినవే.

సరిహద్దు దెబ్బ వేరే. 2019 ఆగస్టులో నైజీరియా సరిహద్దులు మూసింది. 2023 జులైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక మళ్లీ మూసి, 2024 మార్చిలో తెరిచింది. బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్లు గీసిన ఆ గీతకు రెండు వైపులా ఉన్నది ఒకే హౌసా భాష, ఒకే చుట్టరికాలు. గేటు పడ్డప్పుడల్లా నష్టపోయింది వీళ్లే. సంతలో నైజీరియా నైరా, నైజర్‌లో నడిచే సీఎఫ్ఏ ఫ్రాంకు రెండూ చెల్లుతాయి. 2023 జూన్ తర్వాత నైరా పడిపోవడంతో అవతలి పశువు ఇవతలివాడికి ప్రియమైంది.

సాయంత్రం నమాజు అయ్యాక పశువుల బేరాలు సద్దుమణుగుతాయి, మాటలు మొదలవుతాయి. పలకరింపులకే చాలాసేపు పడుతుంది. ఇల్లు ఎలా ఉంది, అలసట ఎలా ఉంది, పశువులు ఎలా ఉన్నాయి అని వరుసగా అడగాలి, దేనికదే జవాబు చెప్పాలి. ఆ తర్వాతే అసలు విషయం. జొన్న కోతకు ఎవరి చేనెప్పుడు వస్తుంది, ఎవరి మంద ఎక్కడిదాకా దిగింది, ముందు ఎవరి పొలంలో దించాలి, దానికి ఎన్ని కొలతల గింజలు. ఈ వారం తేలనివి వచ్చే గురువారానికి వాయిదా పడతాయి.