పాటకు పునాది బేస్ గిటారు

క్రిస్మస్ పండుగ, నూతన సంవత్సర కూడికలు దగ్గర పడుతున్నాయనగానే గ్రామ సంఘములలో యౌవనస్థుల మధ్య ఒక మాట మొదలవుతుంది. "కీబోర్డు ఉన్నది, డోలక్ ఉన్నది, ప్యాడ్లు కూడా వచ్చాయి. ఇక బేస్ గిటారు ఒక్కటి ఉంటే చాలు" అంటారు. ఆ మాట విన్న సంఘ పెద్దలు అడిగే ప్రశ్న కూడా ఒకటే. "నాలుగు తీగల ఆ గిటారు మోగినా మోగకపోయినా మాకు తేడా తెలియదే! దానికి అంత డబ్బు ఎందుకు?"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. బేస్ గిటారు నిజంగానే చెవికి ప్రత్యేకంగా వినబడే వాద్యము కాదు. పాట మధ్యలో అది ఆగిపోయినప్పుడే ఏదో తగ్గిందని తెలుస్తుంది. ఇంటికి పునాది వంటిది అది. చుట్టాలు వచ్చి గోడల రంగును మెచ్చుకుంటారు గాని పునాదిని మెచ్చుకోరు. అయినా పునాది లేని గోడ నిలువదు. అందుచేత ఈ వాద్యము ఏమిటో, దానికి ఏ సామగ్రి అవసరమో, సంఘము ఎదుట దానిని ఎలా వాయించాలో యౌవనస్థులకూ పెద్దలకూ కలిపి చెప్పాలని మేము ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఏమిటీ వాద్యము?

మామూలు గిటారుకు ఆరు తీగలుంటాయి. బేస్ గిటారుకు సాధారణంగా నాలుగే. వాటి స్వరాలు లావు తీగ నుండి వరుసగా ఈ, ఏ, డి, జి. మామూలు గిటారులోని లావు తీగలు నాలుగింటికీ ఇవే స్వరాలు, అయితే బేస్‌లో అవి ఒక స్థాయి క్రింద పలుకుతాయి. లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గంభీరమైన మగ గొంతు కూడా మామూలుగా 80 కంపనముల దగ్గర ఆగిపోతుంది. అంటే సంఘములో ఎంతటి బొంగురు గొంతుగల తాతగారు పాడినా, ఆయన స్వరము క్రింద ఇంకా చోటు మిగిలి ఉంటుంది. ఆ చోటు బేస్‌ది. అంత క్రింది స్వరము పలకాలంటే తీగ లావుగా, పొడవుగా ఉండాలి. అందుకే గిటారులో సుమారు 25 అంగుళాలుండే తీగ పొడవు బేస్‌లో 34 అంగుళాలుంటుంది.

తీగల క్రింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. అది వైరు ద్వారా ఆంప్లిఫయరుకు వెళ్లి, పెరిగి, స్పీకరులో ధ్వనిగా మారుతుంది. కాబట్టి బేస్ గిటారు ఒంటరి వాద్యము కాదు. గిటారు, వైరు, ఆంప్లిఫయరు, స్పీకరు నాలుగూ కలిస్తేనే ఒక వాద్యము.

వెనుక వరుసలోని మనిషి

ఈ వాద్యము పుట్టుక అమెరికాలో. అంతకు ముందు బేస్ వాయించేవారు ఆరడుగుల ఎత్తుండే పెద్ద వయొలిన్ వంటి డబుల్ బేస్‌ను నిలబెట్టుకొని వాయించేవారు. ఊరూరికి దానిని మోసుకొని పోవడం కష్టం. బాకాలు, డ్రమ్ముల హోరులో దాని ధ్వని వినబడేది కూడా కాదు. 1930లలో సియాటిల్ నగరములో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన గిటారువలె అడ్డముగా పట్టుకొని వాయించే విద్యుత్ బేస్‌ను తయారు చేశాడు గాని అది అంతగా వ్యాపించలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణములో లియో ఫెండర్ తెచ్చిన "ప్రెసిషన్ బేస్" మాత్రము లోకమంతా పాకింది. ప్రెసిషన్ అంటే ఖచ్చితత్వము. డబుల్ బేస్‌కు మెట్లు ఉండవు, వ్రేలు కాస్త జరిగితే శ్రుతి తప్పుతుంది. ఫెండర్ మెట్లు అమర్చి ఆ చిక్కు తీర్చాడు. ఇన్ని గిటార్లు తయారు చేసిన ఫెండర్ మొదట రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడము రాదు!

ఆ వాద్యముతో ఏమి చేయవచ్చో చూపినవాడు జేమ్స్ జేమర్సన్. దక్షిణ కరొలైనాలో 1936లో పుట్టి, తరువాత డెట్రాయిట్ నగరానికి వచ్చిన ఈ నల్లజాతి కళాకారుడు పాఠశాలలో డబుల్ బేస్ నేర్చుకున్నాడు. 1959లో ఆ నగరములో మొదలైన మోటౌన్ రికార్డుల సంస్థలో చేరి, 1960లలో వచ్చిన ఎన్నో ప్రసిద్ధమైన పాటలకు బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడు వ్రేలు ఒక్కటే వాడేవాడు. 1962 నాటి ఒకే ప్రెసిషన్ బేస్‌తో ఏళ్ల తరబడి పని చేశాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. ఆ పాటలు విని ఊగినవారికి ఆయన పేరు తెలియదు, ఎందుకంటే 1971 వరకు ఆ సంస్థ రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసేవారే కాదు. 1983లో 47 ఏళ్లకే ఆయన మరణించాడు. రాక్ సంగీత ప్రముఖుల జాబితాలో ఆయన పేరు చేరినది 2000లో, మరణించిన పదిహేడేళ్లకు.

దీనిలో మన యౌవనస్థులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఖరీదైన గిటార్లు పది మార్చినందువలన ఆయన గొప్పవాడు కాలేదు. ఒక్క వాద్యము, ఒక్క వ్రేలు, పాడేవారి గొంతును జాగ్రత్తగా వినే చెవి, ఇవే ఆయన సామగ్రి.

ముందు ఏది కొనాలి?

సాధారణంగా సంఘములో పోగైన డబ్బంతా మెరిసే గిటారుకే పెట్టి, దానిని ఉన్న మైకుసెట్టుకు తగిలిస్తారు. ఇది తలక్రిందుల పద్ధతి. గొట్టపు మైకులు మాట కోసం తయారైనవి. అంత క్రింది స్వరాలు వాటిలో పలుకవు, బలవంతము చేస్తే లోపలి పొర చెడుతుంది. సన్నని నిలువు బాక్సులలో బేస్ బురబుర మంటుంది గాని స్వరము తెలియదు. మామూలు గిటారు ఆంప్లిఫయరులో గట్టిగా వాయిస్తే దాని స్పీకరు కాగితము చిరిగిపోవచ్చు.

మన చెవి క్రింది స్వరాలను అంత సులువుగా పట్టుకోలేదు. అందుకే బేస్‌కు పెద్ద స్పీకరు, ఎక్కువ వాట్లు కావాలి. నూరుమంది కూర్చునే మందిరానికి 12 అంగుళాల స్పీకరు గల 100 వాట్ల బేస్ ఆంప్లిఫయరు మామూలుగా సరిపోతుంది. "200 వాట్లు కొంటే రెండింతలు వినబడుతుంది" అని దుకాణములో చెబితే నమ్మవద్దు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. మైకుసెట్టుకు మంచి పెద్ద బాక్సులుంటే ఆంప్లిఫయరు లేకుండా డి.ఐ. బాక్సు అనే చిన్న పెట్టె ద్వారా బేస్‌ను నేరుగా మిక్సరుకు కలుపవచ్చు. పొడవైన వైరులో పుట్టే గుయ్ మనే శబ్దాన్ని కూడా అది చాలా మట్టుకు తగ్గిస్తుంది.

గిటారు మాత్రము మొదట సాదాదే చాలు. మెడ వంగకుండా, శ్రుతి నిలిచేలా ఉంటే చాలు. నాలుగు తీగలకు మించి వద్దు. ట్యూనరు ఒకటి, అదనపు వైరు ఒకటి, భుజానికి వెడల్పాటి పట్టీ ఒకటి తప్పక కొనండి. బ్యాటరీతో పనిచేసే రకమైతే మరొక బ్యాటరీ సంచిలో ఉండాలి.

సంఘము ఎదుట వాయించేటప్పుడు

ఇంటి దగ్గర వాయించడము వేరు, నూరు గొంతులతో కలిసి వాయించడము వేరు. కొన్ని మాటలు గుర్తుంచుకుంటే మేలు.

మొదటిది, శ్రుతి. మన కీబోర్డు వాయించేవారిలో అనేకులు ట్రాన్స్‌పోజ్ బటను నొక్కి తమకు తెలిసిన మెట్ల మీదనే వాయిస్తారు. బేస్ గిటారుకు ఆ బటను లేదు. కాబట్టి వారి వ్రేళ్లను చూసి వాయిస్తే శ్రుతి కలవదు. "నిజమైన స్కేలు ఏది?" అని పాట మొదలు కాకముందే అడిగి తెలుసుకోవాలి.

రెండవది, చోటు. బేస్ ఉన్నప్పుడు కీబోర్డు ఎడమచేతి క్రింది స్వరాలు మానుకోవాలి. ఇద్దరూ ఒకే చోట వాయిస్తే పాట బురదలో నడిచినట్లుంటుంది. డోలక్ ఎడమ వైపు దెబ్బకు బేస్ తోడు నడవాలి. రెండూ ఒక్కసారి పడితే జనము చప్పట్లు కూడా తప్పవు.

మూడవది, మితము. పాటలో రాగము మారినచోట దాని మూల స్వరాన్ని మొదటి దెబ్బకు సరిగ్గా పలికిస్తే సగము పని అయినట్లే. అవసరము లేని తీగను ఎడమచేతితో ఆపి ఉంచాలి. లేకుంటే అది దానంతటది మోగుతూనే ఉంటుంది. వృద్ధులు పాడే వేగానికి మనము తగ్గాలి గాని, మన వేగానికి వారిని ఈడ్చకూడదు. వాల్యూము తగ్గించకుండా వైరు పీకితే స్పీకరు "టప్" మంటుంది. ప్రార్థన వేళ ఆ శబ్దము ఎంత ఇబ్బందో చెప్పనవసరము లేదు.

నాలుగవది, ఆంప్లిఫయరు పెట్టే స్థలము. లావు తీగ పుట్టించే ధ్వని తరంగము పొడవు సుమారు 27 అడుగులు. మందిరపు మూలలో పెడితే గోడలు ఆ ధ్వనిని ఇంకా పెంచుతాయి. అప్పుడు వెనుక బెంచీలవారికి హోరు వినబడుతుంది, వాయించేవానికి మాత్రము ఏమీ వినబడదు, అతడు ఇంకా పెంచుతాడు. మూల నుండి జరిపి, కుర్చీ మీద పెట్టి, చెవి వైపు త్రిప్పితే తక్కువ ధ్వనితోనే పని జరుగుతుంది.

చెవుల సంగతీ మరువరాదు. 85 డెసిబెల్సు ధ్వనిలో 8 గంటలు, 100 డెసిబెల్సులో 15 నిమిషాలు, అంతకు మించితే వినికిడికి హాని అని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. బాక్సుల ముందు చాపల మీద కూర్చునేది చిన్నపిల్లలే! వారిని అక్కడి నుండి లేపి వెనుక కూర్చోబెట్టండి.

ప్రాణము కంటె ఏదీ ముఖ్యము కాదు

ఇది అన్నిటికంటె ముందు చదువవలసిన భాగము. బేస్ గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్లిఫయరు ఇనుప భాగానికి కలిసి ఉంటాయి. ఆంప్లిఫయరుకు ఎర్తు సరిగ్గా లేకపోయినా, మైకుసెట్టులో కరెంటు లీకైనా, తీగలు పట్టుకున్నవాడు పెదవులతో మైకును తాకిన క్షణములో కరెంటు అతని ఒంట్లో నుండి పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ నగరములో లెస్లీ హార్వే అనే గిటారు కళాకారుడు వేదిక మీదనే, ఎర్తు సరిగ్గా లేని మైకును తాకి ప్రాణము పోగొట్టుకున్నాడు.

మన పందిళ్లలో ఈ అపాయము తక్కువేమీ కాదు. మంచు పడిన నేల, చెమట పట్టిన చేతులు, వట్టి పాదాలు, అతుకుల వైర్లు అన్నీ అక్కడే ఉంటాయి. మూడు పుల్లల ప్లగ్గు సాకెట్టులో పట్టలేదని ఎర్తు పుల్లను విరుగగొట్టేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బేస్ గిటారు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మందిరపు ఎర్తింగు పరీక్ష చేయించండి. 30 మిల్లీఆంపుల లీకేజీ బ్రేకరు పెట్టించండి. జనరేటరు వాడితే దానికీ ఎర్తు చేయించండి. అన్ని వాద్యాలకు, మైకుసెట్టుకు ఒకే చోట నుండి కరెంటు తీసుకోండి. వాన చినుకు పడితే పాట మధ్యలోనైనా సరే, అన్నీ ఆపివేయండి. గొంతులకు కరెంటు అక్కరలేదు.

పెద్దలకు, యౌవనస్థులకు

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో, 12వ అధ్యాయములో, శరీరములో పైకి కనబడని అవయవాలు కూడా ఎంత అవసరమో వివరించాడు. 14వ అధ్యాయములో వాద్యము పలికే స్వరము స్పష్టముగా తెలియాలన్న ఉదాహరణ చెప్పాడు. బేస్ వాయించదలచిన తమ్ముడు, చెల్లెలు ఈ రెండు అధ్యాయాలూ చదువుకోవాలి. తాను వినబడడము కోసము కాదు, సంఘము పాట నిలబడడము కోసము వాయించాలి. తాను వాయిస్తుండగా ముందు బెంచీలోని అవ్వ పాట మాటలు స్పష్టముగా వినబడుతున్నాయా లేదా అన్నదే అతనికి కొలబద్ద.

పెద్దలకు మా మనవి ఒకటి. డబ్బు చాలకపోతే అప్పు చేసి కొనవద్దు. డోలక్, తాళాలతో సాగే పాట తక్కువది కాదు. అయితే పిల్లలలో ఎవరికైనా నిజమైన ఆసక్తి ఉంటే, ఎర్తింగు మొదట, ఆంప్లిఫయరు తరువాత, గిటారు చివర అన్న వరుసలో కొద్దికొద్దిగా సమకూర్చండి. పండుగ అయిన తరువాత పాడినవారికి, ప్రసంగించినవారికి కృతజ్ఞతలు చెప్పేటప్పుడు, వెనుక నిలబడి నాలుగు తీగలు వాయించిన ఆ బిడ్డ పేరు కూడా చదవండి.