ముందు చిట్టా, తర్వాత ఆవర్జా

తొంభైల చివర్లో లినక్స్ వాడినవాళ్లకు ఆ నల్లటి తెర గుర్తుండే ఉంటుంది. ఉన్నట్టుండి కరెంటు పోయేది. వచ్చాక కంప్యూటర్ ఆన్ చేస్తే ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాం లేచి ‘పాస్ 1’, ‘పాస్ 2’ అంటూ అయిదు విడతలుగా డిస్కంతా గాలించేది. డిస్కు పెద్దదైన కొద్దీ ఎదురుచూపులూ పెరిగేవి. పెద్ద సర్వర్లకు గంటలు పట్టేది.

ఎందుకంత గాలింపు? ఫైలు చివర నాలుగు మాటలు చేర్చామనుకోండి. మనకది ఒక్క పని, డిస్కుకు మూడు. మాటల్ని కొత్త బ్లాకులో రాయాలి. ఆ బ్లాకు ఇక ఖాళీ కాదని బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టాలి. ఫైలు వివరాలుండే ఐనోడ్‌లో దాని నంబరు ఎక్కించాలి. ఐనోడ్‌లో ఎక్కి, బిట్‌మ్యాప్‌లో ఎక్కేలోపు కరెంటు పోయిందా, ఆ బ్లాకు ఖాళీయేనని సిస్టమ్ రేపు మరో ఫైలుకు ఇచ్చేస్తుంది. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినట్టే. 1993లో వచ్చిన లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ2కి ఏ పని సగంలో ఆగిందో తెలిసే దారి లేదు.

1998లో లినక్స్ ప్రోగ్రామర్ స్టీఫెన్ ట్వీడీ చూపిన దారి మన షావుకార్లు ఎరిగినదే. పద్దు ముందు చిట్టాలో పడుతుంది, తీరిగ్గా ఆవర్జాకెక్కుతుంది. డేటాబేసులూ, ఐబీఎం వారి జేఎఫ్‌ఎస్‌ లాంటివీ అప్పటికే ఈ పద్ధతిలో నడుస్తున్నాయి. ట్వీడీ దాన్ని ఈఎక్స్‌టీ2కి తగిలించారు. మారబోయే బ్లాకులు ముందు చిట్టా లాంటి జర్నల్‌లో చేరతాయి. అన్నీ చేరాక చివర కమిట్ బ్లాకు పడుతుంది. అది ఉంటే పని అయినట్టు, లేకపోతే అసలు మొదలే కానట్టు. కరెంటు వచ్చాక జర్నల్ ఒక్కటీ చదివి, కమిట్ పడినవాటిని వాటి చోట్లలో రాసేస్తే సరి. సాధారణంగా సెకన్లలో తేలిపోతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. జర్నల్‌లో ఉండేది బ్లాకు పూర్తి నకలు. అదే నకలును రెండోసారి రాసినా తేడా ఏమీ రాదు. కోలుకుంటుండగానే మళ్లీ కరెంటు పోయినా, మొదటినుంచి చదువుకుంటే చాలు.

2001 నవంబరులో లినక్స్ 2.4.15 కెర్నల్‌తో, జర్నల్ తగిలించిన ఈఎక్స్‌టీ3 అందరికీ అందింది. పాత డిస్కును ఫార్మాట్ చేయక్కర్లేకుండా ఒక్క కమాండ్‌తో మార్చుకోవచ్చు.

అయితే మామూలు అమరికలో జర్నల్ కాపాడేది డిస్కు లెక్కల్ని. మన రాతల పూచీ దానిది కాదు. తర్వాత వచ్చిన ఈఎక్స్‌టీ4 బ్లాకుల కేటాయింపును వీలైనంత వాయిదా వేస్తుంది. దాంతో 2009లో క్రాష్ తర్వాత కొందరి సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో తేలాయి. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, లోపల అక్షరం లేదు. ఈఎక్స్‌టీ4 నిర్వాహకుడు థియొడోర్ త్సో సవరణలతో ఆ బెడద చాలావరకు తగ్గింది. అయినా పోగొట్టుకోకూడనిది రాసే ప్రోగ్రాం, తెరమీద ‘సేవ్ అయింది’ అని చూపేముందు, రాతల్ని వెంటనే డిస్కుకు చేర్చమనే ఎఫ్‌సింక్‌ను పిలవాలి. డిస్కు నుంచి జవాబు వచ్చేదాకా ఆగాలి.