ఇల్లు విడవని విరాగులు

హైదరాబాదు మెహదీపట్నంలో బస్సెక్కి చేవెళ్ళ వైపు వెళ్ళేవారికి మొయినాబాదు దారిలో మర్రిచెట్లు ఎదురవుతాయి. నిజాం ప్రభుత్వపు రోజుల్లో నాటినవంటారు. రోడ్డు వెడల్పు చేయాలనుకున్నప్పుడు సుమారు 900 చెట్ల సంగతి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పరీక్షల డ్యూటీకి ఆ నీడలో పోతూండగా, ఇన్నేళ్ళ చదువులో నాకు తగలని విషయమొకటి ఒకనాడు తెలిసింది.

నా ప్రక్కన కూర్చున్నావిడ మా కాలేజీలో లెక్కలు చెబుతారు. కథోలిక్కులు. మెడలో దారానికి చిన్న కర్రశిలువ వున్నది. దానికి పై కొమ్ము లేదు.

“ఇదేమిటండీ, మీ శిలువ సగంలో ఆగిపోయింది?” అన్నాను.

“ఇది ‘తౌ’ అనే అక్షరం సార్. పునీత ఫ్రాన్సిస్ గారి గుర్తు. నేను ఆయన మూడవ సభలో చేరాను” అన్నారావిడ.

మఠంలో చేరడమంటే పెళ్ళి, పిల్లలు, ఇల్లు అన్నీ వదులుకోవడమనే మనం విన్నాం. ఈవిడకు భర్త వున్నారు, పెళ్ళీడు కూతురున్నది. నా ముఖంలో ప్రశ్న కనిపించిందేమో, ఆవిడే చెప్పారు.

పద్దెనిమిదో యేట కన్యాస్త్రీల మఠంలో చేరాలనుకున్నారట. అంతలో తండ్రి పోయారు. ఇద్దరు తమ్ముళ్ళ చదువు నెత్తిన పడింది. ఉద్యోగం, తర్వాత పెళ్ళి. “ఆ తలుపు నాకిక తెరుచుకోదనుకున్నాను. ప్రక్కనే ఇంకో తలుపున్నదని నలభయ్యో యేట తెలిసింది.”

ఆ తలుపు 800 ఏళ్ళ నాటిది. ఇటలీలో అస్సీసీ అనే వూళ్ళో బట్టల వర్తకుని కొడుకు ఫ్రాన్సిస్. ఆస్తి వదిలి పేదరికాన్ని వరించాడు. ఆయన వెంట నడిచిన పురుషులది మొదటి సభ. క్లారా వెంట చేరిన స్త్రీలది రెండవది. మరి ఆలుబిడ్డలున్నవారి సంగతి? ఇంట్లోనే వుండి ఆ దారిలో నడవగోరిన వారికోసం 1221లో ఒక నియమావళి ఏర్పడింది. 1289లో నాల్గవ నికోలస్ పోపుగారు మరొకటి ఆమోదించారు. ఇప్పుడు నడుస్తున్నది 1978లో ఆరవ పౌలు పోపుగారు ఆమోదించినది. ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ, హంగరీ రాకుమారి ఎలిసబెత్తమ్మ ఈ సభకు పాలక పునీతులు.

చేరదలచినవారికి కనీసం ఏడాది శిక్షణ. ఆపైన జీవితాంతం కట్టుబడి వుంటామని మాట ఇవ్వాలి. సన్యాసి దుస్తులు లేవు, బ్రహ్మచర్యం లేదు. ప్రార్థన, సువిశేష పఠనం, అందరూ కూడుకోవడం, చేసే పని నిజాయితీగా చేయడం, సాదాగా బ్రతకడం, ఇవే నియమాలు. నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. స్థానిక సంఘానికి పెద్ద సన్యాసి కాదు. మూడేళ్ళకోసారి గృహస్థులు తమలో ఒకరిని ఎన్నుకుంటారు. మఠం నుంచి వచ్చే ఫాదరు ఆధ్యాత్మిక సహాయకుడు మాత్రమే.

ఇటువంటి త్రోవలు వేరే సభల్లోనూ వున్నాయి. జాక్వెలీన్ డి డెక్కర్ అనే బెల్జియం యువతి 1948లో పాట్నాలో మదర్ తెరీసాను కలిసి, ఆమెతో చేరాలనుకున్నది. వెన్నెముక జబ్బు ఆమెను స్వదేశానికి తిప్పి పంపింది. 1952లో మదర్ ఆమెకు ఉత్తరం వ్రాసి, ఆ బాధనూ ప్రార్థననూ తమ పనికి జత చేయమని అడిగారు. ఒక్కొక్క సిస్టరుకు ఒక్కొక్క రోగి తోడయ్యే పద్ధతి అలా పుట్టింది. కదలలేని మనిషికీ అందులో చోటు దొరికింది!

మన పల్లెలకూ ఇది బొత్తిగా కొత్త కాదు. ఫాదరు ఎప్పుడో గాని రాలేని వూళ్ళలో జపాలు నేర్పి, రోగుల ప్రక్కన కూర్చుని, సంఘాన్ని నిలబెట్టింది పెళ్ళాం పిల్లలున్న ఉపదేశులే.

“వినడానికి బాగానే వున్నది. కష్టం లేదా?” అన్నాను.

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూశారు. “అమ్మాయి పెళ్ళి కుదిరింది సార్. అప్పు చేసైనా ఘనంగా చేయాలని మా వారి పట్టు. సాదాగా బ్రతుకుతానని మాట ఇచ్చినదాన్ని నేను. ఇచ్చింది నేనే గాని ఆయన కాదు కదా! నెల రోజులు ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. కన్యాస్త్రీనై వుంటే ఈ తగవే వుండేది కాదు.”

“చివరికేమైంది?”

“భోజనాలు ఆయన ఇష్టం, నగలు నా ఇష్టం. అప్పు మాత్రం వద్దని అమ్మాయే తేల్చేసింది.”

ఇద్దరమూ నవ్వుకున్నాం. కాని ఆ మాట నన్ను వదలలేదు. మఠంలో మనిషి వ్రతానికి గోడలు కాపలా కాస్తాయి. ఇంట్లో ఆ గోడలు లేవు. ఇచ్చిన మాటను వంటింట్లో, బజారులో, బంధువుల ముందు, ప్రతి రోజూ మళ్ళీ నిలబెట్టుకోవాలి. అది తేలికైన సన్యాసమని ఇక నేననను.

చేవెళ్ళ దగ్గరపడుతూండగా ఒక మర్రి కనిపించింది. కొమ్మ నుంచి జారిన ఊడ నేలలో దిగి, మానంత లావై, ఆ కొమ్మనే మోస్తున్నది. చూపించాను. ఆవిడ తలవూపి, దిగడానికి సంచీ సర్దుకున్నారు.