ట్రాక్టర్ ఆయిల్ మిగిలింది కదా అని కారులో పోస్తున్నారా? ఆగండి.. మీ ఇంజిన్‌కు ఏ ఆయిల్ సరైనదో ముందు తెలుసుకోండి!

నిర్మల్ జిల్లా ఖానాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి ముందు ట్రాక్టర్, దాని పక్కనే కారు కనిపించడం ఇప్పుడు కొత్తేమీ కాదు. వరి, మక్క, పసుపు పండించే ఇళ్లలో ట్రాక్టర్ సర్వీసింగ్ కోసం తెచ్చిన ఆయిల్ డబ్బా షెడ్డులో ఓ మూలన ఉండనే ఉంటుంది. కారు బానెట్ లేపి డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ తగ్గింది. అప్పుడు వచ్చే మొదటి మాట.. "గిదే పోద్దాం తియ్, ఏ ఆయిలైతేంది, ఏం గాదు!"

నిజమే, రెండూ ఆయిళ్లే. రెండూ డీజిల్ బండ్లే కావచ్చు. కానీ ఆ కారు 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కారు అయితే, ఆ "ఏం గాదు" అన్న మాటకు తర్వాత పెద్ద బిల్లే కట్టాల్సి రావచ్చు. బండి ఆ రోజు ఆగదు. వారం తర్వాత కూడా ఆగదు. నష్టం మెల్లగా లోపల జరుగుతుంటుంది. అసలు సమస్య అదే.

మరి సరైన ఆయిల్ ఏదో ఎలా తెలుస్తుంది? మెకానిక్ చెప్పిందా, షాపులో ఇచ్చిందా, ఎక్కువ రేటు ఉన్నదా? ఇవేవీ కాదు. కారు కొన్నప్పుడు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఒక పేజీ ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ గ్రేడ్, క్వాలిటీ, ఎన్ని లీటర్లు పడుతుంది.. మూడూ అక్కడే రాసి ఉంటాయి. ఆ పేజీలోని అంకెలు, అక్షరాలు అర్థమైతే చాలు. అవేంటో చూద్దాం.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అంటే ఏంటి?

ఇది ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే కోడ్. అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ పెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ప్రపంచమంతా దీన్నే వాడుతోంది.

డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ అంత తేలిగ్గా కదులుతుంది. గీత తర్వాత ఉన్న అంకె, ఇంజిన్ బాగా వేడెక్కాక, అంటే ఆయిల్ 100 డిగ్రీలు ఉన్నప్పుడు ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 20 కంటే 30 చిక్కన, 30 కంటే 40 చిక్కన.

చాలామంది ఈ అంకెల్ని ఉష్ణోగ్రత అనుకుంటారు. 40 అంటే 40 డిగ్రీల ఎండకు పనికొచ్చే ఆయిల్ అని అర్థం చేసుకుంటారు. అది పొరపాటు. ఇవి గ్రేడ్ నంబర్లు మాత్రమే.

మా దగ్గర ఎండలెక్కువ.. చిక్కటి ఆయిలే మంచిది కదా?

మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ చూసే ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఈ అనుమానం రావడం సహజమే. అందుకే "మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, 20డబ్ల్యూ-50 పోయించు" అనే సలహా తరచూ వినిపిస్తుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ప్రతి కారు ఇంజిన్‌లో థర్మోస్టాట్ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను దాదాపు 90 డిగ్రీల దగ్గర ఉంచడం దాని పని. బయట ఎండ 45 ఉన్నా, చలి 10 ఉన్నా, కాసేపు నడిచాక ఇంజిన్ లోపలి వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. ఆయిల్ కూడా 100 డిగ్రీల చుట్టుపక్కలే పని చేస్తుంది. నిండా లోడుతో, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే అది ఇంకాస్త పెరుగుతుంది. కంపెనీ ఆ లెక్క కూడా చూసుకునే గ్రేడ్ నిర్ణయిస్తుంది.

పైగా కొత్త ఇంజిన్లలో ఆయిల్ తిరిగే దారులు చాలా సన్నగా ఉంటాయి. వాల్వ్ టైమింగ్‌ను మార్చే వ్యవస్థ, టైమింగ్ చైన్‌ను బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్.. చాలా ఇంజిన్లలో ఇవి ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తాయి. 0డబ్ల్యూ-20 అడిగే ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఆయిల్ చేరాల్సిన చోటికి సమయానికి చేరదు. ఇంజిన్ బరువుగా లాగుతుంది, మైలేజీ తగ్గుతుంది.

అయితే కొన్ని మాన్యువల్స్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్లు వాడొచ్చని పట్టిక ఇస్తారు. మీ కారుకు అలాంటి పట్టిక ఉంటే, అందులో మన వేడికి సరిపోయేది ఎంచుకోవచ్చు. పట్టికలో లేని గ్రేడ్ మాత్రం వద్దు. అలాగే పాత డీజిల్ జీపులకు 15డబ్ల్యూ-40 లాంటి చిక్కటి ఆయిలే రాసి ఉంటే, వాటికి అదే సరైనది. "పల్చటిది లేటెస్ట్ కదా" అని వాటిలో 0డబ్ల్యూ-20 పోయడం కూడా తప్పే.

చలికాలం పొద్దున.. ఇంజిన్‌కు అసలు పరీక్ష

ఎండ గురించి ఇంత ఆలోచించే మనం చలిని మర్చిపోతుంటాం. ఉమ్మడి ఆదిలాబాద్‌లో డిసెంబర్, జనవరిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోవడం ఏటా చూసేదే.

రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందున్న సంప్‌లోకి దిగిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అది మళ్లీ పైదాకా చేరాలి. ఆ కొన్ని సెకన్లు లోపలి భాగాలు చాలినంత ఆయిల్ లేకుండానే ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఇంజిన్ అరుగుదలలో ఎక్కువ భాగం ఇలా చల్లటి స్టార్ట్‌లోనే జరుగుతుంది. డబ్ల్యూ ముందు చిన్న అంకె ఉన్న ఆయిల్ అప్పుడు త్వరగా పైకి చేరుతుంది. స్టార్ట్ చేయగానే గట్టిగా రేస్ ఇవ్వకుండా, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజిన్‌కు ఇంకా మంచిది.

రెండో కోడ్‌ను చాలామంది చూడరు.. అసలు తేడా అక్కడే!

డబ్బా మీద గ్రేడ్‌తో పాటు ఏపీఐ అని, దాని పక్కన రెండు మూడు అక్షరాలు ఉంటాయి. ఇది క్వాలిటీ కోడ్. ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోల్ ఇంజిన్ల కోసం, సీ అక్షరంతో మొదలైతే డీజిల్ ఇంజిన్ల కోసం. ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. పెట్రోల్ కోడ్‌లలో కొత్తది పాతదాని బదులు వాడుకోవచ్చు. మాన్యువల్‌లో ఎస్‌ఎన్ అని ఉంటే, అదే గ్రేడ్‌లో ఎస్‌పీ పోసినా ఇబ్బంది లేదు. కొత్తది అడిగిన చోట పాతది మాత్రం పోయకూడదు.

డీజిల్‌లో సీహెచ్-4, సీఐ-4 అనే కోడ్‌లు ట్రాక్టర్, లారీ ఆయిల్ డబ్బాల మీద ఎక్కువగా కనిపిస్తాయి. కొత్త డీజిల్ కార్ల మాన్యువల్స్‌లో మాత్రం చాలా వరకు ఏసీఈఏ సీ2, సీ3 లాంటి యూరప్ కోడ్‌లు ఉంటాయి. చిక్కదనం ఒకటే అయినా లోపలి మందు వేరు. ట్రాక్టర్ ఆయిల్‌తో చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

ట్రాక్టర్ ఆయిల్ కారులో పోస్తే ఏమవుతుంది?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ చేరింది. పొగలోని మసిని ఇది పట్టేస్తుంది. నిండాక, బండి కాసేపు ఆగకుండా వేగంగా నడిస్తే ఆ వేడికి మసి కాలిపోయి ఫిల్టర్ మళ్లీ శుభ్రమవుతుంది.

కానీ ఇంజిన్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా కాలుతుంటుంది. అందులో కలిపే జింక్, కాల్షియం లాంటి రసాయనాలు కాలాక బూడిద మిగులుతుంది. మసి కాలిపోతుంది కానీ బూడిద కాలదు. ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. అందుకే సీ2, సీ3 ఆయిళ్లలో బూడిద 0.8 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. మామూలు ట్రాక్టర్ ఆయిళ్లను ఈ ఫిల్టర్‌ను దృష్టిలో పెట్టుకుని తయారు చేయరు. వాటిలో బూడిద ఎక్కువ.

ఒక్కసారి అర లీటరు పోస్తే బండి ఆగిపోదు. అదే అలవాటైతే డీపీఎఫ్ ముందుగానే మూసుకుపోతుంది. పికప్ తగ్గుతుంది, మీటర్‌లో లైటు వెలుగుతుంది, చివరికి ఫిల్టర్ మార్చాలంటారు. దాని ఖర్చు ఆయిల్ డబ్బా ధరకు ఎన్నో రెట్లు. కారునే కిరాయికి తిప్పుకుని బతికే కుటుంబానికి అది నెలల సంపాదన. వారంటీ ఉన్నా, తప్పు ఆయిల్ వాడారని తేలితే కంపెనీ ఖర్చు భరించకపోవచ్చు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ట్రాక్టర్ ఇంట్లో గేర్లకు, హైడ్రాలిక్‌కు, బ్రేకులకు వాడే ఆయిల్ డబ్బా కూడా ఉంటుంది. దాన్ని ఇంజిన్ ఆయిల్ అనుకుని కారులో అస్సలు పోయొద్దు. పోసే ముందు డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చదవండి.

పెట్రోల్ కారు, బైక్ సంగతేంటి?

పెట్రోల్ కార్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. డీజిల్ ఆయిళ్లలో సాధారణంగా ఎక్కువగా ఉండే ఫాస్ఫరస్ దాన్ని మెల్లగా పాడు చేస్తుంది. టర్బో పెట్రోల్ కారు అయితే ఎస్‌పీ లాంటి కొత్త కోడ్ చాలా ముఖ్యం. అలాంటి ఇంజిన్లలో ఇంధనం సమయానికి ముందే అంటుకుని లోపలి భాగాలను దెబ్బతీసే సమస్య ఉంటుంది. దాన్ని తగ్గించేలా ఈ ఆయిల్‌ను పరీక్షిస్తారు.

కారుకు మార్చగా మిగిలిన ఆయిల్‌ను బైక్‌లో పోయడం కూడా కొందరికి అలవాటు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లోని జారుడు గుణానికి క్లచ్ స్లిప్ అవుతుంది. గేర్ బైకులకు జాసో ఎంఏ అని రాసి ఉన్న ఆయిలే వాడాలి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అది అని రాసి ఉంటుంది. అయితే అదే మాన్యువల్‌లో కష్టమైన పరిస్థితుల్లో నడిచే బండ్ల కోసం ఇంకో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, ఎక్కువ లోడు, తరచూ చిన్న చిన్న దూరాలు, ఘాట్లు.. ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఊళ్ల మధ్య మట్టి రోడ్ల మీద తిరుగుతూ, అప్పుడప్పుడు అడవి దారిలో ఉట్నూరు వెళ్లొచ్చే బండి ఏ పట్టికలోకి వస్తుందో మీరే చూసుకోండి. అలాంటి బండికి ఆయిల్ ముందుగానే మార్చాలి.

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడే బయటికి తీసే కార్లు కూడా ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. "ఏడాదిలో వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు" అని ఆయిల్ అలాగే వదిలేస్తారు. కదలకపోయినా తేమ చేరి, గాలి తగిలి ఆయిల్ పాడవుతుంది. ఏడాదికోసారి మార్చాల్సిందే. ఆయిల్‌తో పాటు ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి.

సింథటిక్ ఆయిల్ వేడిని బాగా తట్టుకుంటుంది, చలిలో తేలిగ్గా కదులుతుంది. అంత మాత్రాన మాన్యువల్‌లో చెప్పిన దానికి రెట్టింపు దూరం నడపొచ్చని అనుకోవద్దు.

డిప్‌స్టిక్ ఏం చెబుతోంది?

నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి చూసుకోవాలి. బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆఫ్ చేశాక కొన్ని నిమిషాలు ఆగి చూడండి.

ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే బాగున్నట్టే. పై గుర్తు దాటితే కూడా నష్టమే. క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, సీళ్ల దగ్గర లీకులు మొదలవుతాయి.

డీజిల్ కారులో పోయకుండానే ఆయిల్ పెరిగిందా? సంతోషపడొద్దు. చిన్న దూరాలే తిరగడం వల్ల డీపీఎఫ్ శుభ్రం కావడం మధ్యలోనే ఆగిపోయి, డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించాలి. వెంటనే చూపించండి.

డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ త్వరగా నల్లబడటం మామూలే. పాలలా తెల్లగా మారితే మాత్రం కూలెంట్ లేదా నీళ్లు కలిసినట్టు. ఆ బండి నడపొద్దు.

దారి మధ్యలో ఆయిల్ తగ్గితే?

కడెం, జన్నారం దారిలోనో, నిర్మల్ దాటి 44వ నంబర్ జాతీయ రహదారి మీదో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే "ఊరు దగ్గరే కదా" అని నడపొద్దు. పక్కకు ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. ఆయిల్ ప్రెషర్ లేకుండా నడిస్తే కొద్దిసేపట్లోనే ఇంజిన్ పట్టేస్తుంది.

లెవెల్ చూసి తక్కువ ఉంటే అదే గ్రేడ్ ఆయిల్ పోయండి. బ్రాండ్ వేరైనా ఫర్వాలేదు. అసలు గ్రేడ్ దొరక్కపోతే, ఆయిల్ లేకుండా నడపడం కంటే దగ్గర గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ కాస్త పోసుకోవడం నయం. ఇంటికి చేరాక మొత్తం తీసేసి సరైనది పోయించాలి. పోసినా లైటు ఆరకపోతే బండిని లాక్కెళ్లించడమే మేలు.

మాన్యువల్ లేకపోతే..

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు పుస్తకం ఉండకపోవచ్చు. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. కొన్ని కార్లకు ఆయిల్ పోసే మూత మీదే గ్రేడ్ ఉంటుంది. మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ సరిగ్గా చూసుకోండి. ఒకే పేరున్న కారుకు పెట్రోల్‌లో ఒక ఆయిల్, డీజిల్‌లో ఇంకో ఆయిల్ ఉంటుంది.

ఆ పేజీని ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. షాపుకెళ్లినప్పుడు "మంచి ఆయిల్ ఇవ్వన్నా" అనకుండా ఆ ఫొటో చూపించండి. సీల్ ఉన్న డబ్బానే తీసుకోండి, లూజ్ ఆయిల్ వద్దు, బిల్లు అడగండి. మెకానిక్ మీ ముందే సీల్ తీసి పోసేలా చూసుకోండి. షెడ్డులో మిగిలిన ట్రాక్టర్ ఆయిల్ ఎక్కడికీ పోదు, వచ్చే సీజన్‌కు ట్రాక్టర్‌కే పనికొస్తుంది.