సార్టింగ్ హ్యాట్ ప్రశ్నావళి - కార్యాలయ వినియోగం

సార్టింగ్ హ్యాట్ ప్రశ్నావళి అనునది హ్యారీ పాటర్ నవలలలోని మాంత్రిక పాఠశాల ఆధారంగా రూపొందిన ఒక వ్యక్తిత్వ ప్రశ్నావళి. ఇచ్చిన సమాధానాలను బట్టి, పాల్గొన్న వ్యక్తి ఆ పాఠశాలకు చెందిన నాలుగు హౌస్‌లలో ఒకదానికి తగినవాడని గానీ, తగినదని గానీ ఫలితం వస్తుంది. పాఠకుల వినోదం కోసం ఏర్పడిన ఈ ప్రశ్నావళిని కొన్ని కార్యాలయాలలో కొత్తగా కలిసిన ఉద్యోగుల మధ్య బిడియం పోగొట్టే పరిచయ క్రీడగా కూడా వాడుతుంటారు. ఇటువంటి క్రీడలను ఐస్ బ్రేకర్లు అంటారు. గడ్డకట్టిన సముద్రంలో మంచును పగులగొట్టుకుంటూ దారి చేసే ఓడలకు కూడా ఇదే పేరు ఉంది. ఈ ప్రశ్నావళి సంభాషణ మొదలుపెట్టడానికి పనికివస్తుంది, కానీ మనిషి స్వభావాన్ని, సామర్థ్యాన్ని కొలిచే సాధనం కాదు. ఈ తేడాను మరచినప్పుడు దీనివలన నష్టం కలుగుతుంది.

కథా నేపథ్యం

బ్రిటిష్ రచయిత్రి జె. కె. రౌలింగ్ రచించిన హ్యారీ పాటర్ నవలలు మొత్తం ఏడు. మొదటి నవల 1997లోను, ఏడవ నవల 2007లోను వెలువడ్డాయి. మొదటి నవలకు తెలుగు అనువాదం కూడా ఉంది. ఈ కథలు హాగ్వర్ట్స్ అనే మాంత్రిక విద్యాలయం చుట్టూ తిరుగుతాయి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థి మొదటి రోజు రాత్రి అందరి ఎదుట పీటపై కూర్చుని ఒక పాత టోపీని ధరించాలి. ఆ టోపీ పేరే సార్టింగ్ హ్యాట్. అది విద్యార్థి మనసులోని భావాలను గ్రహించి, అతడు ఏ హౌస్‌లో ఉండాలో ప్రకటిస్తుంది. నాలుగు హౌస్‌లకూ విద్యాలయ స్థాపకుల పేర్లే పెట్టబడ్డాయి.

* గ్రిఫిండార్: ధైర్యానికి, సాహసానికి పేరు పొందినది. గుర్తు సింహం. రంగులు ఎరుపు, బంగారు.
* హఫుల్‌పఫ్: శ్రమ, ఓర్పు, విశ్వాసపాత్రత దీని లక్షణాలు. గుర్తు బ్యాడ్జర్ అనే జంతువు. రంగులు పసుపు, నలుపు.
* రావెన్‌క్లా: తెలివికి, జ్ఞానతృష్ణకు పేరు పొందినది. గుర్తు గరుడ పక్షి. రంగులు నీలం, కంచు.
* స్లిథరిన్: ఉన్నత స్థానానికి చేరాలనే ఆకాంక్ష, చాకచక్యం దీని లక్షణాలు. గుర్తు సర్పం. రంగులు ఆకుపచ్చ, వెండి.

విద్యార్థులను హౌస్‌లుగా విభజించే పద్ధతి రచయిత్రి కల్పన కాదు. ఇది బ్రిటన్‌లోని ఆవాస పాఠశాలలలో చాలాకాలంగా ఉన్న ఆచారం. అక్కడినుండి భారతదేశంలోని పాఠశాలలకు కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశంలోని జవహర్ నవోదయ విద్యాలయాలలో విద్యార్థులు ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే హౌస్‌లలో ఉంటారు. అయితే నిజ జీవితంలోని ఈ విభజన ఆటల పోటీల కోసం, వసతి సౌకర్యం కోసం జరిగేది. స్వభావాన్ని బట్టి విభజించడం కథలోని ప్రత్యేకత.

ప్రశ్నావళి ఆవిర్భావం

హ్యారీ పాటర్ పాఠకుల కోసం పాటర్‌మోర్ అనే వెబ్‌సైటును 2011లో ప్రకటించారు. 2012 ఏప్రిల్‌లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులోని సార్టింగ్ ప్రశ్నావళిని రౌలింగ్ స్వయంగా రూపొందించారు. 2019లో ఇది విజార్డింగ్ వరల్డ్ అనే వేదికకు మారింది. అభిమానులు సొంతంగా తయారుచేసుకున్న ఇటువంటి ప్రశ్నావళులు ఇంకా అనేకం ఉన్నాయి.

ఇందులోని ప్రశ్నలు "మీరు ధైర్యవంతులా?" అని సూటిగా అడగవు. ఊహాత్మకమైన ఒక సందర్భాన్ని గానీ, కొన్ని వస్తువులను గానీ చూపి ఒకదానిని ఎంచుకోమంటాయి. అందువలన ఏ సమాధానం ఏ హౌస్‌కు దారితీస్తుందో వెంటనే తెలియదు. అయినప్పటికీ నవలలను బాగా చదివినవారు కొంతవరకు ఊహించగలరు.

వ్యక్తిత్వ ప్రశ్నావళులు కార్యాలయాలకు వచ్చిన విధం

ఉద్యోగులను స్వభావాన్ని బట్టి రకాలుగా విభజించే అలవాటు హ్యారీ పాటర్ కంటే చాలా పాతది. వీటిలో అధిక ప్రచారం పొందినది మైయర్స్-బ్రిగ్స్ సూచిక. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రకటించిన సిద్ధాంతం ఆధారంగా అమెరికాకు చెందిన కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ దీనిని అభివృద్ధి చేశారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రూపుదిద్దుకున్న ఈ సూచిక మనుషులను 16 రకాలుగా విభజిస్తుంది.

దీనిపై మనస్తత్వవేత్తల ప్రధాన విమర్శ ఏమనగా, మానవ లక్షణాలు వేరు వేరు గదులలా ఉండవు. ఎత్తు, బరువు వలె అవి ఎక్కువ తక్కువల క్రమంలో ఉంటాయి. మధ్యలో గీత గీసి ఇటువారు అంతర్ముఖులు, అటువారు బహిర్ముఖులు అని విడదీస్తే, గీతకు దగ్గరగా ఉన్నవారు మరికొన్ని వారాల తరువాత అదే పరీక్ష రాసినప్పుడు అవతలి పక్కకు చేరవచ్చు. ఈ కారణంగా పరిశోధకులు ఎక్కువగా బిగ్ ఫైవ్ అనే ఐదు లక్షణాల కొలమానాన్ని ఉపయోగిస్తారు. మైయర్స్-బ్రిగ్స్ సూచికను ఉద్యోగ నియామకాలకు వాడరాదని దాని ప్రచురణకర్తలే చెబుతారు. ఒక శాస్త్రీయ సిద్ధాంతం ఆధారంగా తయారైన సూచికకే ఇన్ని హద్దులు ఉన్నప్పుడు, కథ ఆధారంగా తయారైన ప్రశ్నావళికి హద్దులు మరింత ఎక్కువ.

నిర్వహించే విధానం

కార్యాలయాలలో ఈ క్రీడను సాధారణంగా శిక్షణ మొదటి రోజున గానీ, కొత్త బృందం ఏర్పడినప్పుడు గానీ నిర్వహిస్తారు. అరగంట సమయం సరిపోతుంది. క్రమం ఇలా ఉంటుంది.

1. నిర్వాహకుడు నాలుగు హౌస్‌లను నాలుగైదు వాక్యాలలో పరిచయం చేస్తాడు. నవలలు చదవనివారికి, సినిమాలు చూడనివారికి ఇది అవసరం.
2. పాల్గొనేవారు ప్రశ్నావళిని పూర్తిచేస్తారు. ఇష్టం లేనివారు తమకు నచ్చిన హౌస్‌ను తామే ఎంచుకోవచ్చు, లేదా ప్రేక్షకులుగా ఉండవచ్చు.
3. ఒకే హౌస్ వచ్చినవారు ఒకచోట చేరి, ఆ ఫలితం తమకు ఎంతవరకు సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో మాట్లాడుకుంటారు.
4. తరువాత నాలుగు హౌస్‌లవారినీ కలిపి కొత్త జట్లు చేసి, వాటికి ఒక చిన్న పని అప్పగిస్తారు.

వీటిలో మూడవ అంశమే క్రీడకు ప్రాణం. "నాకు గ్రిఫిండార్ వచ్చింది, కానీ నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయం" అని ఒకరు చెబితే, ఆయన గురించి ఆ ఫలితం చెప్పని విషయం సహోద్యోగులకు తెలుస్తుంది. అనగా ఫలితం తప్పైనా క్రీడ నెరవేరుతుంది. నాలుగవ అంశాన్ని వదిలివేసే నిర్వాహకులు కూడా ఉన్నారు. దానివలన కలిగే ఇబ్బంది "వర్గభావన" అనే విభాగంలో వివరించబడింది.

ఫలితం నిజమనిపించడానికి కారణం

ప్రశ్నావళి ఫలితాన్ని చదివినవారు తరచుగా "ఇది అచ్చం నా గురించే చెప్పింది" అనుకుంటారు. దీనికి కారణాన్ని అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో జరిపిన ప్రయోగం తెలియజేస్తుంది. ఆయన తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, కొన్ని రోజుల తరువాత ఒక్కొక్కరికి వారి వారి ఫలితం అంటూ ఒక కాగితం ఇచ్చాడు. అది ఎంత సరిగా ఉందో 5 మార్కులకు విలువ కట్టమన్నాడు. సగటున 4 మార్కులకు పైగా వచ్చాయి. నిజానికి అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే. అందులోని వాక్యాలలో ఎక్కువ భాగం ఒక జ్యోతిష పుస్తకం నుండి తీసుకున్నవి.

దాదాపు అందరికీ వర్తించే మాటలను తమకు మాత్రమే చెందినవిగా భావించే ఈ ధోరణిని ఫోరర్ ప్రభావం లేదా బార్నమ్ ప్రభావం అంటారు. వారఫలాలు నిజమనిపించడంలోనూ ఇదే పనిచేస్తుంది. శ్రమ, ధైర్యం, తెలివి, ఆకాంక్ష ప్రతి మనిషిలోనూ కొంత కొంత ఉంటాయి కనుక, ఏ హౌస్ వచ్చినా అది సరిపోయినట్లే తోస్తుంది.

పరిశోధనలు

సార్టింగ్ ప్రశ్నావళిని మనస్తత్వవేత్తలు కూడా పరిశీలించారు. 2015లో క్రైసెల్, ఆమె సహపరిశోధకులు 132 మంది హ్యారీ పాటర్ అభిమానులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. రావెన్‌క్లా వచ్చినవారిలో ఆలోచనాసక్తి, హఫుల్‌పఫ్ వచ్చినవారిలో సౌమ్యత, స్లిథరిన్ వచ్చినవారిలో ఇతరులను తమకు అనుకూలంగా మలుచుకునే ధోరణి అధికంగా కనిపించాయని అందులో పేర్కొన్నారు.

2019లో యాకోబ్, సహపరిశోధకులు అదే అధ్యయనాన్ని మరింత ఎక్కువమందితో, మెరుగైన పద్ధతులతో తిరిగి నిర్వహించారు. ఫలితాలు మొదటివాటిని పోలి ఉన్నప్పటికీ, హౌస్‌ల మధ్య తేడాలు చాలా స్వల్పమని తేలింది. అంతేకాక, ఒక హౌస్‌ను కోరుకుని అది రానివారిని మాత్రమే వేరుచేసి చూసినప్పుడు ఆ సంబంధం కనిపించలేదు. దీనినిబట్టి ప్రశ్నావళి చూపించేది స్వభావం కంటే ఎక్కువగా మనిషి కోరిక అయి ఉండవచ్చు. పరిచయ క్రీడకు ఇది లోపం కాదు. ఒక వ్యక్తి ఎలా ఉండాలని కోరుకుంటున్నాడో తెలియడం కూడా పరిచయంలో భాగమే. కానీ పని అప్పగించడానికి ఇది ఆధారం కాజాలదు.

వర్గభావన

ఫలితం పైపైనే ఉన్నా, అది కల్పించే వర్గభావన మాత్రం నిజమైనది. హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వవేత్త 1970లో ప్రచురించిన ప్రయోగాలలో మొదటిదానిని ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 14, 15 ఏళ్ళ వయసున్న 64 మంది పాఠశాల బాలురతో జరిపాడు. తెరపై కనిపించిన చుక్కలను ఎక్కువగా అంచనా వేసినవారు, తక్కువగా అంచనా వేసినవారు అని చెప్పి వారిని రెండు వర్గాలుగా విడదీశారు. నిజానికి ఆ విభజనకు చుక్కల లెక్కతో సంబంధం లేదు. తరువాత ఇతర బాలురకు డబ్బు పంచమన్నప్పుడు, ఎక్కువమంది తమ వర్గానికే మొగ్గు చూపారు. ఆ పంపకంలో తమకు వ్యక్తిగతంగా వచ్చే లాభమేమీ లేదు. తమ వర్గంలో ఎవరున్నారో కూడా వారికి తెలియదు.

రంగులు, గుర్తులు, కథా ప్రతిష్ఠ ఉన్న హౌస్‌ల విషయంలో ఈ భావన మరింత సులభంగా కలుగుతుంది. పైగా కథలో నాలుగు హౌస్‌లకు సమాన గౌరవం లేదు. నాయకుడు గ్రిఫిండార్‌కు చెందినవాడు. ప్రతినాయకుడు స్లిథరిన్ నుండి వచ్చినవాడు. హఫుల్‌పఫ్ వారిని చిన్నచూపు చూసే మాటలు కథలోనే వినిపిస్తాయి. ఒక ఉద్యోగికి స్లిథరిన్ వచ్చిందనుకుంటే, ఆ రోజు అందరితో పాటు అతడూ నవ్వుతాడు. మూడు నెలల తరువాత లెక్కలలో ఒక తేడా వచ్చినప్పుడు "ముందే తెలుసు, ఆయన స్లిథరిన్ కదా" అని ఎవరైనా అంటే, అది అతడి నిజాయితీపై పడిన మచ్చ అవుతుంది. అదేవిధంగా హఫుల్‌పఫ్ వచ్చిన ఉద్యోగినిని ఓపికగల మనిషి అంటూ అందరూ వదిలేసిన పనులకే పరిమితం చేయవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

* పాల్గొనడం స్వచ్ఛందంగా ఉండాలి. మతవిశ్వాసాల కారణంగా మంత్రతంత్రాల కథలను ఇష్టపడనివారు ఉంటారు. 2020 నుండి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమై రచయిత్రి వెలిబుచ్చిన అభిప్రాయాలు వివాదాస్పదం కావడంతో ఈ కథలకు దూరమైనవారు కూడా ఉన్నారు. తప్పుకున్నవారిని కారణం అడగరాదు.
* నాలుగు హౌస్‌ల గురించీ సమానమైన గౌరవంతో చెప్పాలి. స్లిథరిన్‌ను కుటిలత్వంగా కాక పట్టుదలగా పరిచయం చేయవచ్చు.
* ఫలితాలను రాసి భద్రపరచరాదు. పని పంపిణీకి, పదోన్నతికి, వార్షిక మదింపుకు వాటిని ఆధారం చేసుకోరాదు.
* వెబ్‌సైటులో వివరాలు నమోదు చేయవలసి వస్తే ఉద్యోగులను బలవంతపెట్టకుండా ప్రశ్నలను కాగితంపై ఇవ్వడం మంచిది.
* పాల్గొనేవారిలో ఎక్కువమంది ఆ నవలలు ఎరుగనివారైతే, వారందరికీ తెలిసిన కథను ఎంచుకోవాలి. తెలుగువారి బృందంలో 1957 నాటి మాయాబజార్ చిత్రంలోని పాత్రలలో ఎవరికి ఎవరు నచ్చుతారో, ఎందుకు నచ్చుతారో అడిగినా ఇదే ప్రయోజనం సిద్ధిస్తుంది.

కథలోని దృష్టి

ఈ విభజనను మూలకథ కూడా పూర్తిగా సమర్థించదు. మొదటి నవలలో టోపీ హ్యారీని స్లిథరిన్‌లో చేర్చే ఆలోచన చేస్తుంది. అతడు వద్దని మనసులో వేడుకొనగా గ్రిఫిండార్‌లో చేరుస్తుంది. అనగా అక్కడ లక్షణాల కంటే అతడు చేసుకున్న ఎంపికకే విలువ లభించింది. 2003లో వెలువడిన ఐదవ నవలలో, విద్యార్థులను ఇలా విడదీయడం మేలు చేస్తుందా అని ఆ టోపీయే సందేహపడి, అందరూ ఐక్యంగా ఉండాలని హెచ్చరిస్తుంది. చివరి నవలలో విద్యాలయ ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్, పిల్లలను మరీ తొందరగా విడదీస్తున్నామేమోనన్న అనుమానం వ్యక్తపరుస్తాడు. టోపీ తల మీద పెట్టుకున్నవాడు పదకొండేళ్ళ బాలుడు, అతడి జీవితం ఇంకా ముందున్నది. కార్యాలయంలో చేరిన కొత్త ఉద్యోగి విషయంలోనూ అంతే. కనుక ఈ క్రీడలో వచ్చిన పేరును ఆ సమావేశం ముగియగానే విడిచిపెట్టి, ఆ సందర్భంలో ఒకరి గురించి ఒకరు తెలుసుకున్న విషయాలను మాత్రం గుర్తుంచుకోవడం సరైన పద్ధతి.