సెల్‌ఫోను తెరపై తెలుగు

సెల్‌ఫోనునందు మనము నొక్కు చిన్న బొమ్మ వెనుక పనిచేయు యంత్రాంగమునకు యాప్ అని పేరు. దానిని నిర్మించువారు గణితమునందెంత నేర్పరులైనను, తెరను అమర్చు విధ మెఱుగనిచో ఆ శ్రమ చూచువారికి దక్కదు. ఈ విద్య పడమటి దేశములందు పెరిగినదగుటచే దాని కొలతలు పెక్కు రోమను లిపికే తగియున్నవి.

తెలుగు అక్షరము అట్టిది కాదు. గుడులు, ఏత్వములు పైకి లేచును. వత్తులు క్రిందికి దిగును. ఆంగ్లమునకు చాలిన యెత్తుగల మీటలో తెలుగు నిరికించినచో ‘రద్దు’ లోని వత్తు తెగి ‘రదు’ మిగులును. బడిపిల్లలకు ‘బల్లి’ ‘బలి’ యైనచో నవ్వు వచ్చును గాని, ధనము పంపు తెరపై నిట్టిది నవ్వులాట కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే మన లిపికి చోటు దొరికినది. కావున అక్షరములకు కొదువ లేదు. వాటికి తగిన తావు విడుచుటయే కొదువ.

గురి ఎంత చిన్నదై, ఎంత దూరముననున్న, చేయి దానిని చేరుటకు అంత యెక్కువ కాలము పట్టునని 1954లో అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ ప్రయోగములచే చూపెను. ఆండ్రాయిడ్ ఫోనులలో మీట సుమారు 9 మిల్లీమీటర్లుండవలెనని గూగుల్ వారి సూచన. పొలముపనిచే కాయలు కాచిన వ్రేలికి ఇంకను పెద్దదైన మేలని నా తలంపు.

2016లో ఆరంభమైన యూపీఐ వలన నేడు మన రోలుగుంట అంగళ్లలో సైతము ఫోనుతోనే వెల చెల్లించుచున్నారు. తెర చదువలేని పెద్దలు ఫోనును ప్రక్కవాని కిచ్చి, 4 లేక 6 అంకెల రహస్య సంఖ్యను గూడ చెప్పివేయుదురు. వారిని నిందించుట న్యాయము కాదు. తెరయే వారిచే నట్లు చేయించినది. సొమ్ము పుచ్చుకొనుటకు ఆ సంఖ్య అక్కరలేదు, ఇచ్చుటకే కావలెను. ఈ భేదము తెలుపక ‘ముందుకు’ అని మాత్రము వ్రాసిన మీట మోసగానికే తోడ్పడును. ‘మీ ఖాతానుండి 500 రూపాయలు పోవుచున్నవి’ అని, పుచ్చుకొనువారి పేరుతో సహా, పెద్ద యక్షరములలో నుండవలెను. ఎరుపు, ఆకుపచ్చల భేదము తెలియని కన్నులు గలవారును గలరు. కావున రంగుతోబాటు మాటయు నవసరము.

పై తరగతుల విద్యార్థులు దీనిని కాగితముపైనే అభ్యసింపవచ్చును. తెరను గీసి, ఇంటి యవ్వ చేతికిచ్చి, ఏమియు చెప్పక చూడుడు. ఆమె వ్రేలు ఎచ్చట ఆగునో అచ్చటనే గీతను మార్చుడు.